రేడియోలో అక్క దొరికిన రోజు

ఇటు జరుగు బిడ్డా. ఇంకా దగ్గరికి రా. ఆ సెల్లు అవతల పెట్టి, ఈ పల్లికాయలు ఒళ్లో పోసుకుని ఒలుస్తూ విను. చేతులు ఖాళీగా ఉంటే నీకు కథ ఎక్కదు. సగంలో లేచి పోతావు. ఇది సగంలో లేచిపోయే కథ కాదు.

మరిపెడ అవతల తండాలో రాధాబాయి అని ఒక లంబాడీ ఆడమనిషి ఉండేది. పదో తరగతి పాసై, తండాలోనే అంగన్‌వాడీ నడిపేది. తెలంగాణ కోసం ఊరూరా జనం రోడ్ల మీద కూర్చున్న కాలం అది. బస్సు ఎక్కడ ఆగుతుందో, కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. రోడ్డు నడుమ రాళ్ల పొయ్యిలు పెట్టి, గుండిగలు ఎక్కించి, అన్నం చారు వండుకుని అక్కడే తినేవారు. లారీలవాళ్లు కూడా దిగి విస్తరి పట్టుకుని కూర్చునేవారు. వంటా వార్పూ అనేవారు దాన్ని.

రాధాబాయికి, ఆమె మొగుడు మాన్‌సింగ్‌కు ఉన్న చెలకంతా మిరపే. కాయ ఎర్రబడ్డాక కోసి, కల్లంలో పలుచగా పరిచి, పొద్దునా సాయంత్రం తిరగేస్తూ ఎండబెట్టాలి. చెట్టు మీద ఉన్నన్నాళ్లూ దానికి భయం లేదు. కల్లంలోకి వచ్చాక మాత్రం మూడు రోజుల బాలింతకన్నా జాగ్రత్తగా చూసుకోవాలి. ఒక్క వాన తగిలిందా, ఎర్ర కాయ తెల్లబడిపోతుంది, లోపల బూజు పడుతుంది. ముందటేడు అదే జరిగింది. నెత్తి మీద నిప్పులాంటి ఎండ కాస్తూ ఉండగానే ఒక మూల నుంచి మబ్బు వచ్చి, రాళ్లవాన కొట్టి, ఏడాది కష్టాన్ని కల్లంలోనే నానబెట్టి వెళ్లిపోయింది.

తర్వాత తెలిసిందేమిటంటే, ఆ రాళ్లవాన ముందు జఫర్‌గఢ్‌లో పడిందట. అక్కడ ఇళ్ల పెంకులు పగలగొట్టి, తాపీగా నడుచుకుంటూ మరిపెడ దాకా వచ్చిందట. నడుమ ఒక్కరు "వస్తున్నది, మీరు కాయ ఎత్తుకోండి" అని చెప్పి ఉంటే సగమన్నా ఇంట్లోకి చేరేది. చెప్పే దారి లేదు. గాలి లేస్తే కరెంటు పోయేది, కరెంటు పోతే సెల్లు టవర్లు మూగబోయేవి. రాధాబాయి ఆ మాట విని చాలా రోజులు నిద్రపోలేదు. వాన వచ్చినందుకు కాదు, అంత తీరిగ్గా వచ్చినందుకు.

ఆమె ఒక్కతే కాదు, జఫర్‌గఢ్‌లో సంజీవరెడ్డి కూడా నిద్రపోలేదు. ఆయనది భూములున్న ఇల్లు. అన్నదమ్ముల్లో ఒకడు సర్పంచు కుర్చీ వెంట, ఒకడు పెట్రోలు బంకు వెంట తిరుగుతుంటే ఈయన తీగల వెంట తిరిగేవాడు. మేడ మీద ఇనప గొట్టం నిలబెట్టి, దాని నుంచి దొడ్లో చింతచెట్టు దాకా రాగితీగ లాగి, కింది గదిలో ఒక డబ్బా ముందు కూర్చుని మైకు పట్టుకుని ఎక్కడెక్కడి వాళ్లతోనో మాట్లాడేవాడు. హామ్ రేడియో అంటారు. సర్కారు పరీక్ష పెట్టి లైసెన్సు ఇస్తుంది దానికి. ఊళ్లోవాళ్లు ఆయన్ను తీగల పటేల్ అనేవారు. ఆయన భార్య నిర్మలమ్మకు ఆ తీగ వల్ల ఇంకో ఉపయోగం కనిపించింది. చీరలు ఆరేసేది.

"అది ఏరియల్ నిర్మలా, దండెం కాదు."

"నువ్వు మాట్లాడనప్పుడు ఊకెనే ఉంటది గద, గప్పుడే ఏస్తున్న."

"నేను మాట్లాడనప్పుడంటే ఎప్పుడు?"

"నేను పిలిచినప్పుడు."

ఆ తీగల పటేల్‌కు ఒక ఆలోచన వచ్చింది. వాన నడిచే దారి పొడుగునా తలా ఒక డబ్బా ఇచ్చి మనుషులను కూర్చోబెడితే? కరెంటు అక్కర్లేదు, ట్రాక్టరు బ్యాటరీ చాలు. టవరూ అక్కర్లేదు. పడ్డచోటి మనిషి పడబోయే చోటి మనిషికి చెబుతాడు. ఆఫీసర్లను అడిగితే "మంచిదే, చేసుకోండి" అన్నారు. వద్దనే తీరిక ఆ రోజుల్లో ఏ ఆఫీసరుకూ లేదు. ఒక డబ్బా జఫర్‌గఢ్‌లో తన ఇంట్లోనే ఉంది. ఒకటి జనగామలో, ఒకటి మరిపెడ వైపు, ఒకటి అటు భూపాలపల్లి దగ్గర చెల్పూర్‌లో పెట్టాలని లెక్క వేసుకున్నాడు.

మరిపెడ బడి వరండాలో పాఠం మొదలుపెట్టిన రోజు కూర్చోవడానికి చోటు లేదు. రేడియోలు ఊరికే పంచుతున్నారని ఎవరో పుకారు లేపారు. ఆ డబ్బాలో పాటలు రావని తెలిశాక సగం మంది లేచిపోయారు. పరీక్ష రాయాలని తెలిశాక మిగతా సగమూ లేచిపోయారు. చివరికి మిగిలింది రాధాబాయి, ఎరువుల దుకాణం సేటు, ఇంకో ఇద్దరు. భార్యను సైకిలు మోటారు మీద దింపి, తిరిగి తీసుకుపోవడానికి కూర్చున్న మాన్‌సింగ్ లెక్కలోకి రాడు.

"మొగులు చూసినోడు కవి కావద్దు," అన్నాడు సంజీవరెడ్డి. మొగులంటే మబ్బు. "ఏం చూసినవ్, ఏడ చూసినవ్, ఎటు పోతున్నది. గీ మూడే చెప్పాలె. ఏదీ రాధమ్మా, మీ తండల రాళ్లవాన పడుతున్నదనుకో. నాకు చెప్పు."

రాధాబాయి మైకు తీసుకుని బటన్ నొక్కింది. "సార్, మంచిగున్నరా? తిన్నరా?"

"తిన్న. రాళ్లవాన సంగతి చెప్పు."

"ఏం కూర సార్?"

సంజీవరెడ్డి నెత్తి పట్టుకున్నాడు. "నేను కూర పేరు చెప్పేలోపట నీ కల్లం కొట్టుకపోతది బిడ్డా!"

"గట్లని పలకరియ్యకుంట ఎట్ల చెప్తం సార్? జగడం పెట్టుకున్నట్టు ఉంటది గద."

పలకరింపు మాన్పించడానికే ఆయనకు ఎన్నో పూటలు పట్టింది. తర్వాత రాళ్ల కొలత. శనగగింజంత, రేగుపండంత, నిమ్మకాయంత అని చెప్పాలి తప్ప "ఇంతింత" అని చేతులు చూపిస్తే రేడియోలో కనిపించదని నేర్పాడు. సేటుకు ఒక అనుమానం వచ్చింది.

"మామిడికాయంత పడితే సార్?"

"మామిడికాయంత పడితే చెప్పనీకె నువ్వుండవ్ సేటూ."

అన్నిటికన్నా కష్టం బటన్ సంగతి. నొక్కితే నువ్వు మాట్లాడతావు, అప్పుడు ఎదుటి మనిషి మాట నీకు వినపడదు. వదిలితే వింటావు, అప్పుడు నీ మాట పోదు. మాట అయిపోయాక "ఓవర్" అని వదలాలి. ఒకరు చెప్పేదాకా ఒకరు ఆగాలి.

వెనక కూర్చున్న మాన్‌సింగ్ అది విని, "గిసొంటిది మా ఇంట్ల ఒకటి బిగియ్యుండ్రి సార్, మీకు పుణ్యముంటది," అన్నాడు. ఆ రోజు ఇంటికి అతను ఒక్కడే సైకిలు మోటారు మీద వెళ్లాడు, రాధాబాయి ఆటో ఎక్కింది.

చెల్పూర్‌లోనూ అదే పాఠం, అదే తంటా. అక్కడ కరెంటు ఫ్యాక్టరీ ముందర చాయ్ హోటలు పెట్టుకున్న పోశాలు అనే ఆయన శిష్యుడయ్యాడు. మొట్టమొదటి రిపోర్టు ఆయనదే. "పెద్ద నల్లమొగులు సార్. పొద్దున్నుంచి ఆడనే ఉన్నది, కదుల్తలేదు." మర్నాడు కూడా అదే రిపోర్టు. సంజీవరెడ్డి బస్సులు లేని రోజున మోటారు సైకిలు మీద అంత దూరం పోయి చూస్తే, అది ఫ్యాక్టరీ చిమ్నీ పొగ. అందుకని పోశాలు పక్కన రెండో మనిషిని కూడా పెట్టి, ఆమెకూ నేర్పి వచ్చాడు. ఆ రెండో మనిషి ఎవరన్నది మరిపెడలో ఎవరికీ చెప్పలేదు. చెప్పాలని ఆయనకు మాత్రం ఎందుకు తోస్తుంది?

రాధాబాయి హైదరాబాదు పోయి పరీక్ష రాసింది, పాసైంది, కాగితం వచ్చింది. డబ్బా కూడా తండాకు వచ్చింది. అయితే ఉంచుకోవడానికి కాదు, చూడటానికి. సంజీవరెడ్డి కచ్చితంగా చెప్పాడు.

"ఒక దినం అందరం కలిసి ఉత్తుత్తి వానకు రిపోర్టు ఇచ్చి చూద్దాం. సక్కగ చెప్తే డబ్బ నీ దగ్గర్నే. ఆగమాగం చేస్తే సేటు దుకాణానికి పోతది. ఆయనది స్లాబు ఇల్లు, తీగ మంచిగ నిలుస్తది."

సేటు చెడ్డవాడేం కాదు. కానీ దుకాణం మరిపెడ నడిబజారులో ఉంది. అక్కడికి కబురొస్తే షట్టరు దించుకుని లోపల కూర్చుంటాడు, అంతేగానీ గాలిలో వానలో తండా దాకా ఉరికొచ్చి చెప్పడు కదా. తండా కల్లాలన్నీ అప్పటికే ఎర్రగా పరుచుకుని ఉన్నాయి. రాధాబాయి పొద్దున లేస్తే కాయ తిరగేసేది, డబ్బా తుడిచేది, "మరిపెడ తండా, ఓవర్" అని గోడకు చెప్పేది. గోడ తిరిగి ఏమీ అనేది కాదు గనక అక్కడ తప్పు జరిగేది కాదు.

ఆ వారం ఎండ వింతగా ఉంది. మధ్యాహ్నమయ్యేసరికి మబ్బులు లేచి, సాయంత్రానికి కరిగిపోయేవి. గాలిదుమారాలు రావచ్చని వాతావరణం వాళ్లు కూడా చెప్పారు. దాంతో సంజీవరెడ్డి ఇక ఆగకుండా ఉత్తుత్తి పరీక్ష పెట్టేశాడు.

తాను జనగామలో ఒక ఆఫీసు గదిలో డబ్బా పెట్టుకుని కూర్చున్నాడు. ఆ గది ఎల్లస్వామి అనే ఉద్యోగిది. ఉద్యోగులంతా సహాయ నిరాకరణ చేస్తున్న రోజులవి. అంటే ఆఫీసుకు వస్తారు, కూర్చుంటారు, ఫైలు మాత్రం ముట్టరు. ఎల్లస్వామి పాపం పని లేకుండా బతకలేని మనిషి. ఫైలు చూస్తే చేతులు దురద పెట్టేవి. రేడియో ఫైలు కాదు గనక, దాన్ని వినడం పని కిందకు రాదని తేల్చుకుని, కుర్చీ ఇటు జరుపుకున్నాడు.

"జఫర్‌గఢ్, జఫర్‌గఢ్, జనగామ పిలుస్తున్నది. చెప్పండి. ఓవర్."

మొగుడు జనగామలో ఉన్నాడు గనక జఫర్‌గఢ్‌లో నిర్మలమ్మ కూర్చుంది. ఆమె కూడా పరీక్ష పాసైన మనిషే. "జఫర్‌గఢ్. మొగులు లేదు. ఎండ మంచిగ కొడుతున్నది, బట్టలు ఆరుతున్నయి. ఓవర్."

"ఏడ ఆరుతున్నయి? ఓవర్."

సంజీవరెడ్డి పళ్లు కొరుక్కుని చెల్పూర్‌ను పిలిచాడు. ఒక ఆడగొంతు పలికింది.

"చెల్పూర్. మొగులు లేదు. ఉన్నదల్ల పొగే. పోశాలన్న వంటా వార్పుకు పోయిండు. మాట్లాడేది చాందిబాయి. ఓవర్."

తండాలో రాధాబాయి డబ్బాకు ఇంకా దగ్గరగా జరిగింది.

చాందిబాయి ఆమె సొంత అక్క. చెల్పూర్ దగ్గర తండాకు ఇచ్చారు. తల్లి పోయినప్పుడు కలుసుకోవడమే కడసారి. ఆ తర్వాత ఒకరి పంట ఒకరి పురుడు, ఆపైన బందులు, ఆగిన బస్సులు. చూసుకోవడమే పడలేదు. ఆమె మొగుడు సెల్లు తనతోనే పట్టుకుపోయేవాడు గనక మాట కూడా లేదు. ఆమె కూడా ఇదే డబ్బా నేర్చుకుంటున్నదని చెల్లెలికి ఏం తెలుసు?

ఇప్పుడు ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. లంబాడీ ఆడవాళ్లు చాలా కాలానికి కలుసుకుంటే మనలాగా "బాగున్నావా" అనుకోరు. మెడ మీద చేతులు వేసుకుని ఏడుస్తారు. ఉత్త ఏడుపు కాదు, రాగం తీసి, మాటలు కూర్చి, పోయిన తల్లినీ, పుట్టిన తండానూ, నడిచిన బాటనూ తలుచుకుంటూ ఏడుస్తారు. ఢావ్లో అంటారు దాన్ని. ఏడవకపోతే ప్రేమ లేదని అర్థం. ఇంకోటి, అది మొదలుపెట్టడం వాళ్ల చేతిలో ఉంటుంది గానీ ఆపడం వాళ్ల చేతిలో ఉండదు. మూడో మనిషి వచ్చి, నీళ్ల చెంబు చేతికిచ్చి, "చాలు తల్లీ, ఇక ఊరుకోండి" అనాలి. అప్పుడు టక్కున ఆపి, ముక్కు తుడుచుకుని, నవ్వుతూ కబుర్లలో పడతారు. ఎవరూ రాకపోతే సాగుతూనే ఉండాలి. ముందు ఆపినామెకు మాట వస్తుంది.

"మరిపెడ తండా, చెప్పండి. ఓవర్," అన్నాడు సంజీవరెడ్డి.

రాధాబాయి బటన్ నొక్కింది. ఏం చూసినవ్, ఏడ చూసినవ్, ఎటు పోతున్నది, మూడూ గొంతులోనే ఉన్నాయి. బయటికి వచ్చింది మాత్రం, "బాయీ!" బాయి అంటే వాళ్ల మాటలో అక్క.

అక్కడ చాందిబాయి ఆ ఒక్క కేకకే చెల్లెలిని గుర్తుపట్టి తానూ నొక్కింది. ఇద్దరూ ఒకేసారి నొక్కి పట్టుకుని రాగం అందుకున్నారు. యాడి, అంటే తల్లి, లేని ఇల్లు చీకటైందనీ, నువ్వు నడిచిపోయిన బాటలో గడ్డి మొలిచిందనీ, ఆ గడ్డిని అడిగినా నీ జాడ చెప్పలేదనీ. ఇద్దరూ నొక్కి ఉంచారు గనక ఒకరి ఏడుపు ఒకరికి వినపడదు. వినపడకపోయినా ఏడవడం ధర్మం గనక ఏడుస్తున్నారు. రెండు ఏడుపులూ కలిసి, గరగరతో, ఈలతో, పులి నోట్లో పడ్డ మేకల మందలాగా వినపడింది మాత్రం జనగామలో.

సంజీవరెడ్డి మైకు అందుకున్నాడు. "రాధమ్మా, ఏమైంది? బటన్ వదులు! చాందమ్మా, బటన్!" అని అరిచాడు. నొక్కి పట్టుకున్నవాళ్లకు ఎట్లా వినపడుతుంది? లంబాడీల గోర్ మాటలు ఆయనకు రావు. అర్థమైంది ఒక్కటే. ఇటు మరిపెడలో, అటు చెల్పూర్‌లో ఒక్కసారే ఏదో ఘోరం జరిగింది.

"పిడుగు పడ్డదో ఏమో! ఎల్లస్వామీ, జీపు తియ్!"

ఎల్లస్వామి లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. "పటేలా, నేను సహాయ నిరాకరణల ఉన్న. జీపు సర్కారుది."

"మనుషులు సస్తున్నరయ్యా!"

ఎల్లస్వామి ఒక్క క్షణం గోడవైపు చూశాడు. "సర్కారుకు సహాయం చెయ్యొద్దన్నరు. ఏడ్చేటోళ్లకు చెయ్యొద్దని ఎవ్వలనలే," అని లేచి, అది ఆఫీసు పని కాదని అందరికీ తెలిసేలా జీపు ముందర ఉద్యమం జెండా కట్టి, తానే స్టీరింగు పట్టాడు. బయలుదేరుతూ మరిపెడ రోడ్డు మీద వంటా వార్పూ చేస్తున్న తన బామ్మర్ది దస్రుకు — బామ్మర్ది అంటే పేరుకే, ఇద్దరిదీ బళ్లో ఒకే బెంచీ — సెల్లులో ఒక్క మాట చెప్పాడు. "తండల శానామంది పోయినట్టున్నరు, ఉరుకుండ్రి!" తర్వాత సెల్లులో సిగ్నలు పోయింది.

వాళ్లు జనగామ దాటకముందే ఇక్కడ ఏడుపు ఆగింది. ఎట్లా ఆగిందంటే, జఫర్‌గఢ్‌లో నిర్మలమ్మ మొదటి నుంచీ అంతా విన్నది. ఆమె పొలంలో నాట్లకు, మిరప ఏరడానికి లంబాడీ ఆడవాళ్లు వచ్చేవారు. వాకిట్లో చుట్టాలు కలిసినప్పుడల్లా ఆ ఏడుపు చూసిందే, నీళ్ల చెంబు ఇచ్చిందే. మైకు పట్టుకుని అదను కోసం కూర్చుంది. రాధాబాయి ముక్కు తుడుచుకోవడానికి బటన్ వదిలిందో లేదో, "సాలు తియ్ రాధమ్మా! ఇగ ఊకోండ్రి. నీళ్లు తాగుండ్రి ఇద్దరు," అంది. చాందిబాయి వదిలినప్పుడు ఆమెకూ అదే చెప్పింది.

ఇద్దరూ టక్కున ఆపారు. తలా ఇన్ని నీళ్లు తాగారు.

"నువ్వు గీ డబ్బల ఎప్పటిసంది ఉన్నవే?" అంది చాందిబాయి నవ్వుతూ.

"నువ్వెప్పటిసంది ఉన్నవ్ బాయీ?"

"జర ఆగుండ్రి," అంది నిర్మలమ్మ. "మా ఆయన జనగామ కాడికెల్లి పలుకుతలేడు. మీ ఏడుపు ఇని ఉరికినట్టున్నడు."

అప్పుడు రాధాబాయికి తెలివి వచ్చింది. పరీక్ష. మూడు మాటలు. ఒక్కటీ చెప్పలేదు. కళ్లు పైకెత్తితే ఎదురుగా కల్లమంతా ఎర్రగా, ఏమీ తెలియనట్టు ఎండుతోంది.

ఆమె ఇంకా లేవకముందే తండా బాటలో దుమ్ము లేచింది. ట్రాక్టరు మీద షామియానా, గుండిగలు, వెనక మరొకటి, దాని వెనక నడిచేవాళ్లు, జై తెలంగాణ అని రాసిన పెద్ద ఫ్లెక్సీ చుట్టగా మోస్తూ ఇద్దరు. ఒక అంబులెన్సు కూడా. రోడ్డు మీద జనమంతా పొయ్యిలు ఆర్పి, వండింది వండినట్టు మోసుకుని వచ్చేశారు. శవాలున్న ఇళ్లలో పొయ్యి వెలగదు, పిల్లలు పస్తులుంటారని ఆలోచించి అన్నం చారు తెచ్చింది భద్రమ్మ అనే పెద్దావిడ. గుండిగల పెత్తనం ఆమెది. వస్తూనే రాధాబాయి ఉబ్బిన కళ్లు చూసి కావలించుకుంది.

"ఎవలు పోయిండ్రు బిడ్డా?"

"ఎవ్వలు పోలే అవ్వా. మా అక్క దొరికింది."

భద్రమ్మ చేతులు వదిలేసింది. "దొరికితే గింత ఏడుపా? ఏందమ్మా, సచ్చినోళ్లు లేకుంటనే గింత చారు మోసుకొస్తిమా?"

దస్రు లంబాడీయే గనక సంగతి అర్థమై, నవ్వలేక, ఏడవలేక జనానికి విడమరచి చెప్పాడు. కొందరు తిట్టారు, కొందరు నవ్వారు. ఎట్లాగూ వచ్చారు గనక, చారు చల్లారుతోంది గనక, తండాలోనే విస్తళ్లు వేశారు. అంబులెన్సు డ్రైవరు ముందు కూర్చున్నాడు.

మధ్యాహ్నం వాలుతుండగా జీపు వచ్చింది. సంజీవరెడ్డి దిగి, వరుసగా కూర్చుని తింటున్న జనాన్ని చూసి, దినమే పెట్టేస్తున్నారేమోనని గుండె పట్టుకున్నాడు. నిజం తెలిశాక ఆ చెయ్యే రాధాబాయి వైపు చూపించాడు.

"ఏం చూసినవ్, ఏడ చూసినవ్, ఎటు పోతున్నది! గీ మూడు తప్ప అన్ని చెప్పినవ్ గదమ్మా రేడియోల! మీ అమ్మ ముచ్చట చెప్పినవ్, గడ్డి ముచ్చట చెప్పినవ్!"

"తప్పయింది సార్."

"రేపు నిజం వానొస్తది. నడుమ ఎవలకో చుట్టం దొరుకుతది. గప్పుడెట్ల?"

జనంతో వచ్చిన సేటు, చెయ్యి కడుక్కుని, "మా స్లాబు ఖాళీగనే ఉన్నది సార్," అన్నాడు. సంజీవరెడ్డి తీగ విప్పి, బ్యాటరీ వైరు పీకి, డబ్బా చంకలో పెట్టుకునే విస్తరి ముందు కూర్చున్నాడు. మాన్‌సింగ్ ఎప్పుడూ లేనిది నోరు మూసుకుని, పెళ్లాం మొహం చూడలేక కల్లం వైపు నడిచి కాయ తిరగేయడం మొదలుపెట్టాడు.

"సార్, ఒక్క మాట," అంది రాధాబాయి. "డబ్బ తీస్కపోండ్రి. కని మా బాయికి పోయొస్తనని చెప్పకుంట పోతే మాకు మంచిది కాదు. ఒక్క మాట చెప్పి ఇచ్చేస్త. ఏడ్వ, ఒట్టు."

భద్రమ్మ అందుకుంది. "గంత కాని మాటేం అడిగిందయ్యా? చెప్పుకోనీ." ఆమె చేతి చారే అప్పటికి ఆయన విస్తట్లో ఉంది. కాదనలేకపోయాడు. విసుక్కుంటూ మళ్లీ తీగ కట్టి, వైరు పెట్టాడు.

డబ్బా వెలగడంతోనే నిర్మలమ్మ అరుపు.

"...ఎవలన్న ఉన్నరా? ఎంతసేపాయె పిలవబట్టి! మా ఆయన ఆడికొచ్చిండా? ఓవర్!"

"వచ్చిన, ఏంది? ఓవర్," అన్నాడు సంజీవరెడ్డి.

"రాళ్లయ్యా, రాళ్లు! రేగుపండంతటియి. జఫర్‌గఢ్ల. పెంకలన్ని పలిగినయి. మస్తు గాలి. ఓవర్!"

"ఎటు పోతున్నది? ఓవర్."

"నా పట్టుచీర ఎటు పోయిందో అటే పోతున్నది! తీగ మీదికెల్లి లేసి, గుట్ట దాటి, సీదా మరిపెడ దిక్కు పోయింది. ఓవర్!"

"పట్టుచీర తీగ మీద ఎందుకేసినవ్?"

"గదా గిప్పుడు అడుగుడు? మనుషులకు చెప్పు ముందుగాల! ఓవర్!"

జనమంతా ఒక్కసారి వాయువ్యం మూలకు చూశారు. మామూలుగా కనిపించే మబ్బే, అంచు మాత్రం మాడిన రొట్టెలా ఉంది.

"కల్లాలు!" అని రాధాబాయి ఒక్క కేక వేసింది. రేడియోలో వేసిన కేకకన్నా పెద్దది.

ఆ తర్వాత జరిగింది చూడాలి బిడ్డా. తండా మనుషులే అయితే ఆ కాయలో పావు వంతు ఎత్తగలిగేవాళ్లు కాదు. కానీ ఆ పూట రోడ్డు రోడ్డంతా తండాలో ఉంది. విస్తళ్లు వదిలేసి ఉరికారు. గంపలు, బస్తాలు, చీర కొంగులు, తువ్వాళ్లు, అన్నం ఖాళీ చేసిన గుండిగలు, దేనిలో పడితే దానిలో కాయ నింపారు. షామియానా ఒక కల్లం మీద, ఫ్లెక్సీ ఇంకో కల్లం మీద కప్పి రాళ్లు పెట్టారు. అంగన్‌వాడీ కిటికీల దాకా నిండింది. మిరప అలవాటు లేనివాళ్లు ఎత్తిపోస్తుంటే ఘాటు లేచి, ఒకడు తుమ్మితే వరుసంతా తుమ్మింది. అక్క దొరకనివాళ్లు కూడా ఏడ్చారు. అంబులెన్సు నిండా బస్తాలు పేర్చారు. తర్వాత నెలదాకా దానిలో ఎక్కిన రోగులు జబ్బు మరిచిపోయి తుమ్మారని చెప్పుకునేవారు.

ఎల్లస్వామి గట్టు మీద నిలబడి, "నేను సహాయ నిరాకరణల..." అనబోయాడు.

"సహాయం వద్దు బిడ్డా, గంప పట్టు," అంది భద్రమ్మ.

ఎన్నాళ్లకో పని దొరికిన ఆ మనిషి జీపు వెనక తలుపు తీసి, సర్కారు సీట్ల మీద పచ్చి కాయ, ఎండు కాయ వేరువేరుగా పేర్చడం మొదలుపెట్టాడు. తొందరలో కూడా కలపనివ్వలేదు. చివరి గంప లోపల పెట్టేసరికి తనకు చోటు లేదు. అప్పుడే టపటపా మొదలైంది. గుండిగ ఒకటి బోర్లించి నెత్తిన పెట్టుకుని కూర్చున్నాడు. రేగుపండంత రాళ్లు దాని మీద పడుతుంటే లోపల ఆయనకు జాతరలో కూర్చున్నట్టుందట. సాయంత్రం దాకా ఎవరేం అడిగినా "ఆఁ?" అన్నాడు.

వాన ఉన్నప్పుడే రాధాబాయి డబ్బా ముందు కూర్చుంది. తడిసిన జుట్టు మొహం మీద, కళ్లు మిరప మంటకు ఎర్రగా. బటన్ నొక్కింది.

"మరిపెడ తండా. రాళ్లు, రేగుపండంత. మానుకోట దిక్కు పోతున్నది. ఓవర్."

మానుకోటంటే మహబూబాబాదే. అక్కడా కల్లాలుంటాయి కదా. చెల్పూర్ నుంచి చాందిబాయి ఆ మాట అందుకుని, మానుకోటలో వంటా వార్పుకు కూర్చున్నవాళ్లకు పోశాలు చేత సెల్లు చేయించింది. అటువైపు టవర్లు ఇంకా పోలేదు.

సంజీవరెడ్డి గుమ్మంలో నిలబడి విన్నాడు. వాన వెలిసాక నిచ్చెన అడిగి తెప్పించుకుని, తానే ఎక్కి, తీగను అంగన్‌వాడీ కప్పు మీది గొట్టానికి ఇదివరకటికన్నా గట్టిగా బిగించాడు.

"మా స్లాబు, సార్..." అన్నాడు సేటు కింది నుంచి.

"నీ స్లాబు మీద మిరపకాయలు లేవు గద సేటూ," అన్నాడు ఆయన పై నుంచి. దిగి, రాధాబాయితో, "డబ్బ ఈడనే ఉంటది. కని బిడ్డా, ముందుగాల వాన, ఎనక ఏడుపు. ఏడ్వాలనిపిస్తే ముందు నాకు చెప్పు, నేను నిర్మలను నీళ్ల చెంబుతోని కూసుండబెడ్త," అన్నాడు.

రాధాబాయి నవ్వింది. మళ్లీ ఏడుపు వచ్చింది. మిరప ఘాటు అని చెప్పింది.

కాయ అంతా దక్కిందని మాత్రం అనుకోకు. తండా చివర, ఒంటరిగా ఉండే చత్రు అనే ముసలాయన కల్లం ఎవరికీ గుర్తుకు రాలేదు. ఆయన చెవిటివాడు, కేక వినపడలేదు. కప్పేవాళ్లు లేక ఆయన కాయ మొత్తం తడిసింది. మర్నాడు పొద్దున రాధాబాయి ఒక గంప నింపి ఆయన వాకిట్లో పోసింది. ఆమెను చూసి మాన్‌సింగ్ ఇంకో గంప, వాళ్లను చూసి ఇంటింటికీ ఒక గంప. ఆయన కల్లం మళ్లీ ఎర్రబడింది, మొదటంత కాకపోయినా. ఆ తర్వాత రేడియోలో మబ్బు మాట వస్తే రాధాబాయి కేక వేయడమే కాదు, ముందు చత్రు ఇంటికి పరుగెత్తి భుజం తట్టి వచ్చేది.

ఇదంతా యాది పెట్టుకో తల్లీ. రేపు నీ పిల్లలకు చెప్పు, పక్కింటివాళ్లకు చెప్పు. ఏడుపు దగ్గర బాగా ఏడ్చి చూపించు, గుండిగ దగ్గర బాగా నవ్వించు. నీ సొంత మాటలు ఎన్ని కలిపినా తప్పు లేదు. చత్రు కల్లం సంగతి మాత్రం వదిలేయకు. నవ్వే తొందరలో అందరూ దాన్నే వదిలేస్తారు.